మౌనాంబ దిద్దుకున్న చిత్రిక

అనగనగా ఏటి ఒడ్డున ఒక రాజ్యం. ఒకనాడు ఆ ఏటి మీద తిరిగే రేవు పడవ నడినీట పగిలి మునిగింది. ఈత వచ్చినవాళ్ళే ఒడ్డు చేరారు.

రాజు చాటింపు వేయించాడు. "నెల గడువులో కొత్త పడవ చేయాలి. చేసినవారే ముందుగా ఎక్కి ఏరు దాటాలి. దాటినవారే ఆస్థాన వడ్రంగి."

ముగ్గురు ముందుకు వచ్చారు. భూషణాచారి, గురవాచారి పేరుమోసిన వడ్రంగులు. మూడో మనిషి మౌనాంబ. మునిగిన పడవలో పోయిన వడ్రంగి కూతురు.

రంపం, బాడిస ఇరుగుపొరుగు ఇచ్చారు. పలకలు నునుపు చేసే చిత్రిక మాత్రం ఎవరూ ఇవ్వలేదు. తండ్రితోపాటు ఏట్లో పడి, తర్వాత బురదలో దొరికిన పాత చిత్రికే ఆమెకు మిగిలింది. దాని ఉక్కు పలక తుప్పు పట్టింది. పలకను బిగించే చీల విరిగింది. కొయ్య దిమ్మ అడుగు వంగింది.

గురవాచారి చూసి నవ్వాడు. "అది పొయ్యిలోకి తప్ప పనికిరాదమ్మాయీ."

"తుమ్మ చేవ, బాబాయ్. పైన చెడింది గానీ లోపల గట్టిగానే ఉంది" అంది మౌనాంబ.

దిమ్మను నీడలో ఆరబెట్టింది. చదునైన బండ మీద ఇసుక చల్లి అడుగును రుద్దింది. ఉక్కును సానరాయి మీద నూరింది. కొత్త చీల చెక్కి బిగించింది.

మొదటిసారి తోస్తే చెక్క చీరుకుపోయింది. మళ్ళీ నూరింది. రెండోసారి గీతలు పడ్డాయి. మళ్ళీ రుద్దింది. మూడోసారి ఉల్లిపొరలాంటి పొట్టు లేచింది.

"సగం గడువు పనిముట్టుకే పోయిందే" అని తల్లి దిగులుపడింది.

"పనిముట్టు వంకరైతే పడవ వంకరవుతుందమ్మా. అందులో జనం ఎక్కుతారు."

తల్లి పలకలు పట్టింది, కూతురు చిత్రిక పట్టింది. పలకకూ పలకకూ మధ్య వెంట్రుక దూరే సందు లేదు.

గడువు తీరింది. భూషణాచారి పడవ సందుల్లో లక్క పూసి ఉంది. నడి ఏట్లో లక్క ఊడింది. జాలర్లు ఆయన్ని ఒడ్డుకు లాగారు. అది చూసి గురవాచారి తన పడవలో కాలు పెట్టలేదు. మౌనాంబ తల్లిని కూర్చోబెట్టుకుని అవతలి ఒడ్డుకు వెళ్ళి, తిరిగి వచ్చింది. పడవ అడుగున చుక్క నీరు లేదు.

"భయం వేయలేదా?" అన్నాడు రాజు.

"పలకలు అతికేదాకా వేసింది ప్రభూ. ఆ తర్వాత వేయలేదు."

ఆనాటి నుంచి ఆస్థాన వడ్రంగి మౌనాంబే.

లోపాన్ని కప్పిపుచ్చినవారు నడి ఏట్లో మునుగుతారు. ఓపికగా దిద్దుకున్నవారు ఒడ్డు చేరతారు.