ఐదొందల రకం విత్తనం

మా మండలంలో తెలివైన కొంప ఏదంటే మాదేనని మా నాయన ఓబులేసు ఎవరూ అడక్కపోయినా చెబుతాడు. అందులో నా తెలివి మరీ ఎక్కువ. పదో తరగతి అందరూ ఒక్కసారే చదువుతారు, నేను మూడుసార్లు చదివాను.

ఆ ఏడు వేరుశనగ విత్తనాలు కొనడానికి మా దగ్గర చిల్లిగవ్వ లేదు. తొలకరి చూస్తే దగ్గరికొచ్చేసింది. సర్కారు ఇచ్చే రైతు సాయం మీదే మా ఆశంతా. వ్యవసాయాఫీసు సారేమో, "బ్యాంకు ఖాతా తెరిచి పెట్టుకోండి, డబ్బులు పడతాయి" అన్నాడు.

అంతే! బ్యాంకు పుస్తకం తెరిచి మిద్దె మీద పెట్టాం. కాగితాలు ఎగరకుండా మా అమ్మ తిరుపాలమ్మ నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. పడేటప్పుడు డబ్బులకు దెబ్బ తగలకూడదని నేను కింద బొంత పరిచాను. మూడు రోజులు మెడలు పట్టేసేదాకా పైకి చూశాం. పడింది కాకి రెట్ట.

నాయన ఆఫీసుకు పరిగెత్తాడు. "సారూ, కాకి తప్ప ఎవురూ ఏమీ ఎయ్యలేదు!"

సారుకు అర్థం కాలేదు. కంప్యూటర్ చూసి, "నీ ఆధార్ కార్డు ఖాతాతో కలవలేదు పెద్దాయనా. ముందు ఆ రెండూ కలపండి" అన్నాడు.

ఇంకేముంది! దబ్బనం, పురికొస తీసి కార్డునీ పుస్తకాన్నీ గోనెసంచి మూతి కుట్టినట్టు కుట్టేశాం. విడిపోతాయేమోనని నేను ఇంకో వరస వేశాను. ఆ కుట్లు విప్పడానికి బ్యాంకు గుమాస్తాకు ఒక పూట పట్టింది. పాపం, ఆయనే కంప్యూటర్లో రెండూ కలిపి, నాయన ఫోనుకు ఒక నంబరు పంపి, అదేమిటో చెప్పమన్నాడు.

ఫోను నేను చదివాను. 'ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దు' అని ఉంది.

"నాయనా, నోరు తెరవద్దు!"

"సచ్చినా సెప్పను" అన్నాడు నాయన.

"పంపింది నేనేనమ్మా!" అని గుమాస్తా మొత్తుకున్నాడు.

"పంపినోళ్ళకు తెలీదా? మమ్మల్నెందుకు అడుగుతారు?" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ నాకు నేనే ముచ్చటపడుతుంటాను, సిగ్గులేకుండా.

చివరికి అమ్మ నోటితో చెప్పకుండా వేళ్ళు చూపించింది. గుమాస్తా లెక్కపెట్టుకున్నాడు.

వారానికి డబ్బులు పడ్డాయి. నోట్లు తీసుకుని సారుకు దండం పెట్టడానికి వెళితే, ఆయన వేలు చూపించి మరీ చెప్పాడు. "పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ తగలెయ్యకండి. ప్రతి రూపాయీ పొలంలోనే పెట్టండి."

అంత మంచి మనిషి మాట కాదంటామా? ఆ పూటే నాయన మడక కట్టి చేను దున్నాడు. వెనకాలే నేనూ అమ్మా జానెడుకొక నోటు వేసుకుంటూ మన్ను కప్పాం. మర్నాడే వాన కురిసింది. సంతోషంతో ముగ్గురం తడిశాం. పిట్టలు ఏరుకుపోకుండా కాపలా కూడా కాశాం.

పక్క చేలన్నీ పచ్చబడ్డాయి. మాది ఎర్రమన్నుగానే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. పంట నష్టం రాయించుకుందామని మళ్ళీ సారు దగ్గరికే వెళ్ళాం.

"ఏ రకం విత్తనం వేశారు?" అని అడిగాడు సారు.

"ఐదొందల రకం సార్. అక్కడక్కడా వంద రకం కూడా కలిపినాం" అన్నాను.

సారు రెండు చేతులతో తల పట్టుకుని, "ఇంక చేసేదేముంది? పోయి నెత్తిన మన్ను పోసుకోండి!" అని అరిచాడు.

నాయన మొహం వెలిగిపోయింది. "సూసినావా అమ్మీ? మనం సేలోనే కప్పినాం. నెత్తిన పోసుకోవడం మర్సిపోయినాం!"

అంతే, ముగ్గురం పొలానికి పరిగెత్తి తలకొక తట్టెడు మన్ను పోసుకున్నాం. మొలకలు వచ్చేదాకా కదలకూడదని గట్టున వరసగా కూర్చున్నాం.