రెప్పవెయ్యని పెట్టె

హిందూపురంలో ఓబులేసు అని ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు ఉండేవాడు. తెలివికి లోటు లేదు కానీ, దేన్నైనా మాటిమాటికీ చూసుకోనిదే అతనికి ప్రాణం కుదుటపడేది కాదు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేవాడు.

అతని అక్క నాగరత్నమ్మ ఊరి బయట షెడ్డులో పట్టుపురుగులు పెంచేది. వేడి కాస్త మీరితే చాలు, ఆ పురుగులు తట్టుకోలేవు. అందుకని పాపం, ఆవిడ షెడ్డు వదిలి కదలలేకపోయేది. అక్క అవస్థ చూడలేక ఓబులేసు ఒక చిన్న పెట్టె తయారుచేశాడు. బ్యాటరీతో నడిచే ఆ పెట్టె షెడ్డులో వేడిని కొలుస్తుంది. వేడి పెరిగితే అక్క ఫోను మోగుతుంది.

"ఎంతసేపటికోసారి చూస్తుందిరా ఇది?" అని అడిగింది అక్క.

"ప్రతి క్షణం! రెప్ప వెయ్యదు" అన్నాడు గొప్పగా.

ఆ మాట నమ్మి ఆవిడ ఓ మధ్యాహ్నం మల్బరీ ఆకు కోయడానికి తోటకు వెళ్లింది. ఎండ మండిపోతోంది. ఫోను మాత్రం మోగలేదు. తిరిగొచ్చి చూస్తే ఏముంది, తట్టల్లో సగం పురుగులు చచ్చి పడి ఉన్నాయి! పెట్టెలో బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. ఏ మార్పూ లేని చల్లటి వేళల్లో కూడా క్షణక్షణం కొలిచి కొలిచి, తీరా అవసరానికి అది చతికిలబడింది.

"నీ పెట్టె పాడుగాను! దీన్ని నమ్ముకుని నోటికాడి కూడు పోగొట్టుకున్నాను కదరా" అని ఏడ్చింది నాగరత్నమ్మ.

ఓబులేసు సిగ్గుతో తల దించుకున్నాడు. "ఈసారి పెద్ద బ్యాటరీ పెడతాలే అక్కా" అని గొణిగాడు.

"పెద్దది మాత్రం అయిపోదా? పోయి పొయ్యిమీద పాలు పెట్టు. ఇంత కాఫీ తాగి నా తంటాలేవో నేను పడతా."

అతను పాలు పెట్టాడు. చల్లగా ఉన్నంతసేపూ గ్లాసులు కడిగాడు, చక్కెర డబ్బా వెతికాడు, మధ్యలో ఓసారి తొంగిచూశాడు. అంచుల్లో నురగ లేవగానే మాత్రం అన్నీ వదిలేసి గిన్నె దగ్గరే నిలబడ్డాడు. పొంగబోతుండగా టక్కున దించాడు. 

"ఓరి నా మొహం మండా! నేను చేసే ఈ పని పెట్టెకు నేర్పలేదే!" అని తల కొట్టుకున్నాడు.

"పాలు గానీ విరిగాయా ఏంరా?" అంది అక్క కంగారుగా.

"పాలు బాగానే ఉన్నాయక్కా. బుర్రే ఇప్పుడు బాగయింది."

ఆ పాత బ్యాటరీ రకమే మళ్లీ వేసి, పెట్టె పద్ధతి మార్చాడు. వేడి నిలకడగా ఉంటే అప్పుడప్పుడు కొలిచి నిద్రపోవాలి. పెరగడం మొదలైతే వెంటవెంటనే కొలవాలి. "ఇదే ఆఖరుసారి" అంటూ అక్క తర్వాతి పట్టు పంటకు దాన్ని షెడ్డులో వేలాడదీయనిచ్చింది. ఓబులేసుకు రోజూ వెళ్లి తడిమి చూడాలనిపించేది, అయినా ఓపిక పట్టాడు.

పురుగులు గూళ్లు కట్టే ముందు ఒక మధ్యాహ్నం వేడి ఉన్నట్టుండి లేచింది. ఫోను మోగింది. ఆవిడ తోటలోంచి పరుగెత్తుకొచ్చి, కిటికీలకు కట్టిన గోనెపట్టాల మీద నీళ్లు గుమ్మరించింది. షెడ్డు చల్లబడింది, పురుగులన్నీ దక్కాయి.

"ఈసారి రెప్ప వేసిందా నీ పెట్టె?" అని నవ్వింది నాగరత్నమ్మ.

"వేసిందక్కా. అందుకే వేళకు మెలకువగా ఉంది" అన్నాడు ఓబులేసు.

నీతి: మార్పు లేనప్పుడు శక్తిని దాచుకుని, మార్పు వచ్చే వేళకు దాన్ని వాడటమే అసలైన జాగ్రత్త.