అచ్చొచ్చిన కట్టుకొయ్య

అనగా అనగా ఏటి ఒడ్డున ఓ ఊరు. ఆ ఊళ్లో పోలినాయుడనే రైతు. అతని పశువులశాల మూలన ఒక కట్టుకొయ్య ఉండేది. తాత కాలంలో పందెం గెలిచిన గిత్తను ఆ కొయ్యకే కట్టి పెంచారట. అందుకని పుట్టిన ప్రతి దూడనూ దానికే కట్టేవాడు. ఊడిస్తే అచ్చుబాటు పోతుందని ఆ మూల చీపురు పెట్టనిచ్చేవాడు కాదు.

ఒక వానాకాలం నల్లావు ఈనింది. మూడో రోజుకు దూడకు పారుడు పట్టి, నీళ్లలా విరేచనాలయ్యాయి. నాలుగో రోజు పోయింది.

"దిష్టి!" అని నాయుడు కొయ్యకు నల్లతాడు చుట్టాడు.

తర్వాత ఎర్రావు ఈనింది. ఆ దూడా పారింది. "పాలు అరగలేదు" అని నాయుడు దాన్ని తల్లి దగ్గరికి పోనివ్వలేదు. అదీ పోయింది.

ఇక తెల్లావు. నాయుడి భార్య అప్పాయమ్మకు పుట్టింటివాళ్లు పసుపుకుంకాల కింద ఇచ్చిన ఆవు. పెయ్యదూడను వేసింది. తల్లికి మాయ పడేదాకా దూడ జున్నుపాలు ముట్టకూడదని నాయుడు పెయ్యను పస్తు ఉంచి, ఆ కొయ్యకే కట్టాడు.

మూడో రోజు తెల్లవారేసరికి పెయ్య తోక తడిసి ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి. చెవులు చల్లబడ్డాయి.

"అమ్మా, నా బిడ్డను అక్కణ్ణించి తియ్యమ్మా!" అని అరిచింది తెల్లావు.

"గొడ్డు కూడా నాకు బుద్ధులు చెబుతోందే!" అని నాయుడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"తల్లులు వేరు. పుట్టిన రోజులు వేరు. కొయ్య ఒక్కటే కదా మావా!" అంది అప్పాయమ్మ.

"నోరు ముయ్యి! మా తాత పాతిన కొయ్య అది."

"పాతాడు సరే. ఊడ్చొద్దని కూడా చెప్పాడా? వంగి వాసన చూడు."

నాయుడు వంగాడు. చచ్చిన రెండు దూడలు పారిందంతా అక్కడే, ఎండక పేరుకుని ఉంది. పెయ్య ఆ నేలనే నాకుతోంది. అతని మొహం పాలిపోయింది.

అప్పాయమ్మ పెయ్యను ఎత్తి, పొడి ఇసుకలో నీరెండకు పడుకోబెట్టింది. చేతులు కడుక్కుంది. కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం కలిపి గుక్కగుక్కగా పట్టింది. తల్లిపాలూ మాననివ్వలేదు.

"బతుకుతుందంటావా?" అన్నాడు నాయుడు. "ఏమో" అంది. పెయ్య ఇంకా పారుతూనే ఉంది.

మధ్యాహ్నం మళ్లీ అడిగాడు. "చెవులు చూడు. కాస్త వెచ్చబడ్డాయి" అంది అప్పాయమ్మ.

సాయంత్రం మూడోసారి అడగబోయాడు. పెయ్య తూలుతూ లేచి, తల్లి పొదుగులో మూతి పెట్టింది. నాయుడు వెళ్లి గడ్డపార తెచ్చాడు.

కొయ్య పీకాడు. మూలంతా గీకి సున్నం చల్లాడు. ఆ తర్వాత అప్పాయమ్మ మాట మీద ఆ ఇంట పుట్టిన ప్రతి దూడా పొడి గడ్డి మీదే పడుకుంది, మాయ పడకముందే జున్నుపాలు తాగింది.

ఒకేచోట ముగ్గురు జారిపడితే ముందు ఆ చోటు కడగాలి. దిష్టి సంగతి తర్వాత.