రాజు తలకు నూలుపాడు తలపాగా

వెనకటికి గజకేసరి అని ఒక రాజుండేవాడు. మనిషి మంచివాడే గానీ, పొగడ్త చెవిన పడిందంటే ఇక వేరే మాట వినిపించేది కాదు.

ఆయన ఏలుబడిలో నూలుపాడు నేతకు పెట్టింది పేరు. అలాంటి ఊళ్లో మగ్గాలు మూలపడి, నేతగాళ్లు ఒక్కొక్కరే వలసపోతున్నారని తెలిసి, రాజు ఖజానా తెరిచి పదివేల వరహాలిచ్చాడు. ఏడాది తిరిగాక, బాగుపడిన ఊరు చూద్దామని ఆస్థాన విదూషకుడు మాచనను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

ఊరు నిజంగానే మెరిసిపోతోంది. రాతి తోరణం, సున్నం కొట్టిన గోడలు, నడివీధిలో నిలువెత్తు రాజు విగ్రహం. మాచన మాత్రం చెవులు రిక్కించాడు. ఒక్క మగ్గమూ ఆడుతున్న చప్పుడు లేదు.

"ఏమిటి సంగతి?" అని కులపెద్ద భావనయ్యను పక్కకు పిలిచి అడిగాడు.

"ఏం చెప్పమంటారయ్యా! ప్రభువు మెప్పు కోసం అధికారులు సొమ్మంతా రాళ్లకే పోశారు. నూలు కొనే దారి లేదు. మిగిలిన నలభై ఇళ్లవాళ్లమూ మూటలు కట్టేశాం, ఎల్లుండి వెళ్లిపోతున్నాం. ప్రభువుతో అంటే మా తలలుంటాయా?"

మాచన తిన్నగా రాజు దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"ఆహా, ఏం వైభవం ప్రభూ! అయితే ఒక ఆచారం ఉంది. ఊరిని నిలబెట్టిన రాజు కిరీటం తీసి, ఆ ఊళ్లో నేసిన తలపాగా చుట్టుకోవాలి. చుట్టుకునేదాకా ఊరు దాటకూడదు."

"దాటను!" అంటూ రాజు ఠీవిగా కిరీటం తీసేశాడు. బట్టతల ఎండకు తళతళలాడింది. పరివారమంతా నేల చూపులు చూసింది.

జాము గడిచింది. రాజు నెత్తి మాడిపోతోంది.

"తలపాగా ఏదయ్యా?"

"తోరణం ఉంది ప్రభూ, విగ్రహం ఉంది. నూలే లేదు."

రాజు మొహం కందిపోయింది. కానీ పదిమందిలో మాట ఇచ్చాడాయె! వెంటనే నూలు కోసం బళ్లు పంపించాడు.

మర్నాటికి నూలొచ్చింది. ఇక చూడండి సందడి! ఆడవాళ్లు గంజి కాచారు, అద్దకంవాళ్లు రంగు బానలు పొయ్యిమీదికి ఎక్కించారు, వీధి పొడవునా పడుగు పోగులు సాగాయి, వడ్రంగి మగ్గాలు బిగించాడు. నెత్తిన తడిగుడ్డ వేసుకుని రాజు నోరు తెరుచుకుని చూశాడు.

"ఒక్క తలపాగాకు ఇంతమందా?"

"పడుగు వేశాక ఒక్కటేం ఖర్మ ప్రభూ, ఇరవై వస్తాయి. కొనేవాళ్లే కావాలి" అన్నాడు భావనయ్య, ధైర్యం తెచ్చుకుని.

రాజు తన పరివారం వంక చూశాడు. "ఇక నుంచి నా కొలువులో ప్రతి తలకూ నూలుపాడు తలపాగాయే!"

నాలుగో రోజున తలపాగా చుట్టించుకుని, అద్దంలో చూసుకుని మురిసిపోతూ అడిగాడు. "మాచనా, ఇంతకీ ఈ ఆచారం ఎన్నాళ్లనాటిది?"

"సరిగ్గా నాలుగు రోజులనాటిది ప్రభూ!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి మాచన మెడలో వేశాడు. నెలనెలా నూలు బళ్లు రావాలని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.

భావనయ్య పరుగున ఇంటికి పోయి, గుమ్మంలోంచే కేకేశాడు: "ఏమేవ్, మూటలు విప్పెయ్!"