దారం లేని చిలక

అనగనగా, మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, కుంభగిరి అని ఒక రాజ్యం. దానికి ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు రాజు వాళ్ళని ఓడెక్కించి, ఏడు సముద్రాల అవతలి దీవిలో కొయ్యబొమ్మలాట చూపించాడు. ఆ ఆట ఏనాడు మొదలైందో ఎవరికీ తెలియదు. పగలూ రాత్రీ ఆగదు. చిన్నవాడు పుష్పకేతు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, బొమ్మలన్నిటికీ దారాలుంటే మూల కొమ్మ మీది చిలకకి లేదేమని దాదిని అడిగాడు. దాది వాడి నోరు మూసేసింది.

పెద్దయ్యాక పెద్దన్నకి ఆ ఆట మళ్ళీ చూడాలని మనసైంది. వెళ్ళాడు, తిరిగి రాలేదు. వెతకడానికి నడిపన్న వెళ్ళాడు, అతనూ రాలేదు. రాజు అన్నం మానేసి మంచం పట్టాడు. అన్నల్ని తీసుకురాకుండా కోట గడప తొక్కనని చెప్పి పుష్పకేతు ఓడెక్కాడు.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడో సముద్రంలో ఒక ఎలుక మునుగుతూ కనిపించింది. దాన్ని ఎత్తి, తడి తుడిచి, నడికట్టులో పెట్టుకున్నాడు. ఎలుక తేరుకుని నోరు విప్పింది.

"నాయనా, పిల్లలకి అది ఆటే. పెద్దవాడు చూసి నవ్వాడో, నెత్తి మీదికి దారం దిగి వాడూ కొయ్యబొమ్మైపోతాడు. మీ అన్నలు నవ్వారు. మూడు ఘట్టాలూ నవ్వకుండా కూర్చుంటే ఆటగాడు ఆట ముగించాల్సిందే. ఇంతవరకూ అలా ఎవరూ కూర్చోలేదు."

దీవి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. డేరా లోపల మాత్రం చీకటి, చమురు దీపాల వాసన. అదే చాప, అదే తెర. చిన్నప్పుడు ఎంతో ఎత్తుగా కనిపించిన అరుగు ఇప్పుడు అతని నడుము దాకా కూడా రాలేదు. ఆటగాడి తల మీద ఇనుప చుట్టు ఉంది. దారాలన్నీ ఆ చుట్టుకే కట్టి ఉన్నాయి. అతను తల ఊపితే బొమ్మలు ఊగుతాయి. ఇన్నేళ్ళలో అతని ముఖాన ఒక్క ముడత కూడా రాలేదు. మూల కొమ్మ మీద ఆ చిలక అలాగే ఉంది.

"అప్పుడు భలే నవ్వారు, చిన్న దొరగారూ," అన్నాడు ఆటగాడు.

మొదటి ఘట్టంలో కోతి పెళ్ళాంతో తగవు పడింది. పుష్పకేతు పెదవి కొరుక్కున్నాడు. రెండో ఘట్టంలో బానకడుపు మంత్రి సింహాసనం ఎక్కబోయి దొర్లిపడ్డాడు. పుష్పకేతు ఊపిరి బిగబట్టాడు. మూడో ఘట్టంలో ఒక బొమ్మ గుర్రంలా వంగింది, ఇంకో బొమ్మ దాని చెవులు పట్టుకుని తోలింది. చిన్నప్పుడు తనని వీపున ఎక్కించుకుని అన్నలు ఆడించిన ఆట అది. కొయ్య ముఖాలు నవ్వుతున్నాయి, కొయ్య కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇక నవ్వెక్కడిది? అతనికి దుఃఖం పొంగుకొచ్చింది.

మూడు ఘట్టాలూ అయిపోయాయి. ఆట ముగించడం ఎరగని ఆటగాడు తెర వెనక్కి జారుకోబోయాడు. ఏ ఆటకైనా చివర హారతి ఇస్తారు కదా, ఇక్కడ ఆ పళ్ళెం వాడక దుమ్ము పట్టి ఉంది. పుష్పకేతు అందులో కర్పూరం వెలిగించి ఎదురుగా నిలబడ్డాడు. ఎంత మాంత్రికుడైనా వాడు ఆటగాడు. హారతి కనపడగానే తల వంచేశాడు.

వంచగానే వాడి మెడ వెనక సన్నని దారం తళుక్కుమంది. అది పైకి పోయి చిలక కాలికి చుట్టుకుని ఉంది. ఆడించేవాణ్ణి ఆడిస్తున్నది ఆ చిలక, వాడి ప్రాణమూ దాని దగ్గరే. పుష్పకేతు నడికట్టులోంచి ఎలుకని తీసి పైకెత్తాడు.

"కొరుకు," అన్నాడు. ఎలుక ఒక్క గెంతులో దారం కొరికేసింది.

ఆటగాడు దబ్బున కూలాడు. చూస్తే వట్టి కొయ్య. ఇనుప చుట్టు దొర్లిపోయింది, బొమ్మలన్నీ మనుషులై లేచారు. అన్నలిద్దరూ తమ్ముణ్ణి వాటేసుకున్నారు. ఏనాటి నుంచో రాణి వేషంలో ఆడుతున్న నీలాంబరి అనే రాజకుమార్తె, మొదటిసారి తన ఇష్టంతో చెయ్యెత్తి, ఆ చేతిని చూసుకుని ఏడ్చింది. చిలక మాత్రం డేరా చిరుగులోంచి ఎగిరిపోయింది.

కొడుకుల్ని చూసి రాజు మంచం దిగాడు. పుష్పకేతుకి నీలాంబరినిచ్చి ఊరంతా పందిరి వేసి పెళ్ళి చేశాడు. ఒకరిని ఆడించే పని ఇక మాకొద్దని అన్నలు తమ్ముడికే కిరీటం పెట్టారు. వాళ్ళు కూర్చున్నా లేచినా మోకాళ్ళు కిర్రుమనేవి, అంతే.

పుష్పకేతు చాలాకాలం చల్లగా ఏలాడు. కానీ పిల్లలూ, దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు కూడా ముందు మెడ వెనక తడుముకుని, తర్వాతే తల వంచేవాడట. కిటికీలో పచ్చ చిలక వాలిన రోజున ఆ చెయ్యి మెడ మీంచి దిగేది కాదు. అప్పుడు నీలాంబరి పక్కకొచ్చి, తన చేత్తో అతని మెడ తడిమి, "ఏమీ లేదు" అనేది.