సిద్ధాంతిగారి దగ్గు

ముత్యాలదుర్గం రాజు మల్లభూపతికి ఒకనాడు పొద్దున్నే బుద్ధి పుట్టింది, తనంతటి సంఖ్య ఒకటి కావాలని. ఎవరేం చేసినా చెక్కుచెదరని సంఖ్య తెచ్చినవాడికి కోరింది ఇస్తానన్నాడు. రాజులకేం, ఏదైనా అడుగుతారు.

ఆయనకి ఇంకో తిక్క కూడా ఉండేది. కళ్లాల్లో ధాన్యం కొలిచేవాళ్లు ఆరు తర్వాత "ఏడు" అనరు, ఏడుపొస్తుందని. "ఆరున్నొకటి" అంటారు. రాజుగారు ఒక ఆకు ఎక్కువే చదివి, కొలువులో ఆ రెండు మాటలూ నిషేధించాడు. నోరు జారినవాడి మీసం తీసేయడమే.

భైరవ సిద్ధాంతి ఓ సంఖ్య పట్టుకొచ్చాడు. మహా పండితుడు, అంతకన్నా మహా డాబు మనిషి. నేలమీద సుద్దతో 142857 అని రాసి చదివాడు. ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు... చివరి అంకె దగ్గర ఖళ్లున దగ్గాడు. మీసం మీద ఆశ ఎవరికుండదు!

రెండుతో హెచ్చవేయమంటే కరణం వేశాడు. 285714. మూడుతో వేస్తే 428571. నాలుగుకి 571428, అయిదుకి 714285, ఆరుకి 857142. ఎన్నింతలు చేసినా అవే ఆరు అంకెలు గుండ్రంగా తిరుగుతున్నాయి. సిద్ధాంతి ప్రతిసారీ చదవడం, ఆ అంకె రాగానే దగ్గడం.

ఏ అంకెతో పెంచినా ఇది ఇంతేనని, అచ్చం ప్రభువుల కీర్తేనని పొగిడాడు. రాజు ఉబ్బిపోయాడు. అదను చూసి సిద్ధాంతి, విదూషకుడు కొండుభట్లు కూర్చునే పీట తనకిమ్మన్నాడు. ఆ పీట పోతే కొండుభట్లు పెళ్లాం పిల్లలతో ఊరు విడవాల్సిందే. మాటిచ్చిన రాజు మొహమాటంగా అతనివైపు చూసి, నువ్వేమైనా అంటావా అని అడిగాడు.

కొండుభట్లుకి బతుకే పోయేట్టుంది. అయినా నోరు ఊరుకోదుగా. ఇది తమరి కీర్తి కాదు, తమరి ఆరుగురు మంత్రులని విన్నవించుకున్నాడు. ఏ పని చెప్పినా కూర్చునే చోటు మారుస్తారు తప్ప మనుషులు మారరు, పనీ జరగదు. మంత్రులు గుర్రుగా చూశారు. రాజు నవ్వాపుకున్నాడు.

తర్వాత కొండుభట్లు, ఆరు దగ్గరే ఆగారేం, ఆ పై అంకెతో కూడా వేయించండి అన్నాడు.

"ఏ అంకెతోనయ్యా?" అన్నాడు సిద్ధాంతి, వీడి మీసం పోయినట్టేనన్న సంబరంతో.

కొండుభట్లు చేతులు కట్టుకున్నాడు.

"తమరి దగ్గుతో."

కొలువంతా గొల్లున నవ్వింది. కరణం నవ్వుతూనే హెచ్చవేశాడు. 999999. పాత అంకెల్లో ఒక్కటీ మిగల్లేదు. సిద్ధాంతి మొహం మాడిపోయింది. ఆ అంకె పేరెత్తే మగాడు కొలువులో లేడన్న ధీమాతోనే వచ్చాడు మరి. పీట పోయింది, పరువు పోయిందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

రాజుకి ఒళ్లు మండింది.

"నన్నే మోసం చేద్దామనుకున్నావా? పోయి ఏడు!"

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. అందరి చూపూ రాజుగారి గుబురుమీసం మీదే. శాసనం ఆయనదే, నోరూ ఆయనదే. కొండుభట్లు తాపీగా చుట్టూ చూశాడు.

"ఏం అలా చూస్తారు? ప్రభువులు దగ్గారు, అంతే."

రాజు మీసం పట్టుకుని పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే చేతి కంకణం తీసి కొండుభట్లు చేతికి తొడిగి, ఆ పీట బతికున్నన్నాళ్లూ నీదేరా అన్నాడు.