గడప అవతల టోపీ

ఒకానొక రాజ్యంలో రాజు లేడు. సముద్రం అవతల ఒక రాజు ఉండేవాడు, అతణ్ణి ఏళ్ల తరబడి పోట్లాడి వదిలించుకున్నారు. మళ్లీ రాజంటూ ఉండకూడదని నిశ్చయించుకుని, నాలుగేళ్లకొకసారి తమలో ఒకణ్ణి ఎన్నుకుని అధ్యక్షుడని పిలవసాగారు. ఆ దేశం అమెరికా. అయితే ఇప్పటి అమెరికా కాదు. అప్పటి రాజధానిలో సగం వీధులు కాగితం మీదే ఉండేవి. తక్కిన సగంలో నరికిన చెట్ల మొద్దులూ, బురదా, ఎవరివో తెలియని పందులూ ఉండేవి. ఆ పందుల సంగతి గుర్తుంచుకోండి, వాటితో పని ఉంది.

అధ్యక్షుణ్ణి ఏమని సంబోధించాలన్న దాని మీద తొలిరోజుల్లో చాలా వాదన జరిగిందట. ఏలినవారనాలని కొందరు, ఇంకా పెద్ద బిరుదు కావాలని కొందరు. చివరికి మామూలుగా ‘అయ్యా’ అంటే చాలునని తేల్చారట. ఇది మా కాలేజీలో చరిత్ర చెప్పిన మాష్టారి దగ్గర విన్న మాట. ఇక ముందు చెప్పబోయేది మాత్రం ఆయన చెప్పింది కాదు. పుస్తకాల్లో వెతికినా దొరకదు. అధ్యక్షుడికి థార్న్‌బీ దొర అన్న పేరు కూడా కథ కోసం నేను పెట్టిందే.

థార్న్‌బీ దొర చెడ్డవాడేమీ కాదు. ఆజానుబాహువు, మంచి వక్త. మాటల్లో తనను గెలిచినవాడు ఇంతవరకు పుట్టలేదని ఆయన నమ్మకం. ఒక్కటే కొరత, ‘అయ్యా’ అన్న పిలుపు ఆయనకు ఆనేది కాదు. అడవుల్లో, నదుల వెంట ఉండే ఆదివాసులకు రాసే ఉత్తరాల్లో ఆ కొరత తీర్చుకునేవాడు. వాటిలో ‘నా బిడ్డలారా’ అని మొదలుపెట్టి ‘మీ తండ్రి’ అని సంతకం చేసేవాడు. అలా రాయడం ఆయనకు ముందువాళ్ల నుంచీ వస్తున్న ఆనవాయితీయే గాని, ఈయన ఆ మాటను అత్తరులా పూసుకున్నాడు.

ఒక్కొక్క అధ్యక్షుడి హయాంలో దేశపటం కొంత పెరుగుతూ వచ్చింది. కొంత కొన్నారు, కొంత యుద్ధం చేసి తీసుకున్నారు, కొంత కాగితాల మీద నిశానీలు పెట్టించి తీసుకున్నారు. బి.ఏ. పరీక్షలో మాకు దీని మీద ప్రశ్న వచ్చింది. ఎవరెవరు ఏయే ప్రాంతాలు ‘సంపాదించిరి’ అని. నేను గళ్లు గీసి, ఎర్ర సిరాతో గీతలు కొట్టి రాశాను. క్లాసులో నాకే ఎక్కువ మార్కులు. ఆ నేల మీద అప్పటికే మనుషులున్నారా, ఉంటే ఏమయ్యారు అని అడగాలని నాకు తోచలేదు. మాష్టారికీ తోచలేదు. ఆ మార్కుల గురించి ఎవరికీ చెప్పుకోవడం మానేసి చాలా కాలమైంది. సరే, కథలోకి వస్తాను.

థార్న్‌బీ దొర పటంలో ఒకచోట ఖాళీ ఉంది. దాన్ని నింపి కొత్త రాష్ట్రం చేస్తే తన పేరు నిలిచిపోతుందని ఆయన ఆశ. ఆ ఖాళీలో ఏటివంపు అనే ఊరుంది. మొక్కజొన్న చేలు, పీచ్ పళ్ల తోటలు, దుంగలతో కట్టిన ఇళ్లు, రెండు వేలమంది జనం. ఎనిమిదేళ్ల కిందట, అంతకు ముందున్న అధ్యక్షుడు, ఏటికి ఆవలి గట్టును వాళ్ల చేత రాయించుకున్నాడు. ఇప్పుడు ఈవలి గట్టు కూడా ఇచ్చేసి, పిల్లాపాపలతో పడమటికి, ఎవరూ చూడని మైదానాలకు వెళ్లిపొమ్మని కొత్త కాగితం తయారైంది. పెద్దల నిశానీ పడితే తప్ప అది చెల్లదు. అందుకని ఏటివంపు పెద్దలను రాజధానికి పిలిపించారు.

ఇక్కడ దుబాసీ నేథన్ గురించి చెప్పాలి. మన బందరులో కుంఫిణీ దొరల దగ్గర దుబాసీలు ఉండేవారు. రెండు భాషలు వచ్చినవాడికి రెండు వైపులా మర్యాద, రెండు వైపులా అనుమానం. నేథన్ పరిస్థితి అదే. తండ్రి తెల్ల వర్తకుడు, తల్లి ఏటివంపు మనిషి. చిన్నతనంలోనే తల్లి పోతే పెద్దమ్మ పెంచింది. పెరిగాక అధ్యక్షుడి కొలువులో చేరాడు. మాటకారి. థార్న్‌బీ దొర భోజనాల బల్ల దగ్గర అతడు లేకపోతే ముద్ద దిగదనేవారు.

ఆ కొలువు అతడికి ఊరికే రాలేదు. ఆవలి గట్టు కాగితం చదివి వినిపించింది నేథనే. అందులో ‘శాశ్వతంగా వదులుకొంటిమి’ అని ఉంది. అతడు దాన్ని ‘మీ తండ్రి మనుషులు అటువైపు తిరగడానికి ఒప్పుకుంటున్నారా’ అని చెప్పాడు. తండ్రి ఆ మాత్రం అడిగితే కాదనేదేముందని వాళ్లు నిశానీ పెట్టారు. ఆ తరువాతే నేథన్‌కు కొలువు, ఇత్తడి గుండీల నీలం కోటు వచ్చాయి.

ఏటివంపు నుంచి ఆరుగురు వచ్చారు. వాళ్లలో ఇద్దరితోనే మనకు పని. ఒకాయన ఊరి పెద్ద, పేరు నీటిపిల్లి. రెండవ ఆవిడ ఆయన అక్క. అంటే నేథన్‌కు మేనమామ, పెద్దమ్మ. ఆ జనంలో ఇల్లూ పొలమూ ఆడవాళ్లవి, కాబట్టి ఆవిడ రాకుండా ఏ మాటా తెగదు.

సత్రంలో దిగినవాళ్లను చూడడానికి నేథన్ వెళ్లాడు. పెద్దమ్మ అతణ్ణి కూర్చోమనలేదు. ‘ఉడుతా’ అని ఆవిడ పెట్టిన పేరుతో పిలిచి ఎనిమిదేళ్లయింది. దగ్గరికి వచ్చి, కోటు మీది ఇత్తడి గుండీని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది.

“ఆవలి గట్టు ఇదేనా?” అంది.

నేథన్ ఎంతటి మాటకారో చెప్పాను కదా. ఆ పూట మాత్రం గుండీని అరచేత్తో కప్పుకుని సత్రం మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున అధ్యక్షుడు అతణ్ణి పిలిపించాడు. వీళ్లు గట్టి పిండాలని విన్నాననీ, సభలో తాను ఏమంటే మెత్తబడతారో చెప్పమనీ అడిగాడు. నేథన్ కాసేపు ఆలోచించి, వాళ్లు ఆచారానికి కట్టుబడినవాళ్లు, తమ ఆచారం ప్రకారమే మీరు తండ్రిగా ఉంటానని నలుగురిలో మాటిస్తే ఆ మాట దాటలేరు అన్నాడు. ఇందులో ఒక్క అక్షరమూ అబద్ధం లేదు. థార్న్‌బీ దొర పొంగిపోయి, అప్పటికప్పుడు సొంత దస్తూరీతో కాగితం పైన ఒక వాక్యం చేర్చాడు. ‘ఏటివంపు ఆచారం ప్రకారం తండ్రికి గల హక్కులకూ విధులకూ నేను కట్టుబడుదును.’ కింద సంతకం, ముద్ర. ఆ ఆచారం ఏమిటో ముందు కనుక్కుందామని కార్యదర్శి గొణిగాడు గాని, తండ్రి ఎక్కడైనా తండ్రేనని దొర కొట్టిపారేశాడు.

మధ్యాహ్నం సభ నిండిపోయింది. ఒక పక్క సభ్యులు, ఒక పక్క దొరసానులు. వాళ్లలో అధ్యక్షుడి భార్య కూడా అల్లిక సంచీతో కూర్చుంది. దొర టోపీ బల్ల మీద ఉంది. నల్లటిది, పొడుగుపాటిది.

దొర లేచి తన వాక్యం గంభీరంగా చదివాడు. నేథన్ దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాడు. నీటిపిల్లి ముఖంలో మొదటిసారి నవ్వు కనబడింది. ఆయన మేనల్లుడి వంక ఒక్క చూపు చూసి, అయితే తండ్రి కూర్చోవలసిన చోటు అది కాదన్నాడు. పెద్దలు మాట్లాడేటప్పుడు తండ్రి గుమ్మం పక్కన కూర్చుంటాడు, ఎందుకంటే ఆయన ఈ ఇంటివాడు కాదు, పెళ్లి చేసుకుని పై ఇంటి నుంచి వచ్చినవాడు.

దొర ఇది వేడుక అనుకున్నాడు. నవ్వుతూ తన కుర్చీని గుమ్మం పక్కకు వేయించుకుని, “సరే, తండ్రిగా ఆజ్ఞాపిస్తున్నాను. మీ చేలు నాకిచ్చి పడమటికి వెళ్లండి” అన్నాడు.

ఆజ్ఞాపించేది తండ్రి కాదని నీటిపిల్లి చెప్పాడు. పిల్లలను మందలించేవాడు, దారిలో పెట్టేవాడు మేనమామ. తండ్రి పని వేటాడి తెచ్చిపెట్టడం, ముద్దు చేయడం, అడిగింది ఇవ్వడం. ఈ మాట మనకు వింతగా ఉండదు. చెవులు కుట్టించడం మొదలు పెళ్లికూతుర్ని బుట్టలో తేవడం దాకా మన ఇళ్లలో మేనమామ లేకుండా ఏది జరుగుతుంది? మా మేనమామ ఇంట్లో అడుగుపెడితే మా నాన్నగారు కూడా గొంతు తగ్గించేవారు. కాని ఆ సభలో తెల్లవాళ్లకు ఇది కొత్త. వెనక వరసలో ఎవరో దగ్గారు.

“ఆజ్ఞ కాదు, అడుగుతున్నాను” అన్నాడు దొర. నవ్వు కొంచెం తగ్గింది.

“అడగవలసింది నన్ను కాదు. పొలం తల్లిది” అని నీటిపిల్లి అక్కను చూపించాడు.

మాటల్లో ఓడడం తెలియని మనిషి కదా, దొర లేచి ఆ ముసలావిడ ముందు నడుం వంచి, అమ్మా, మీ చేలు నాకిప్పించండి అని చాలా సొగసుగా అడిగాడు. దొరసానులు చప్పట్లు కొట్టారు.

పెద్దమ్మ మెల్లగా లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. దొర టోపీని రెండు చేతులతో జాగ్రత్తగా తీసుకుంది. గుమ్మం దాకా నడిచి, గడప అవతల, మెట్టు మీద పెట్టింది. వచ్చి తన చోట కూర్చుంది.

ఆమె ఏమంటున్నదని దొర అడిగాడు.

“ఏమీ అనలేదు అయ్యా” అన్నాడు నేథన్. “మా ఊళ్లో ఆడదానికి మొగుడితో పొత్తు కుదరకపోతే కేకలు వేయదు. అతడి వస్తువు ఒకటి గడప అవతల పెడుతుంది. అతడు దాన్ని తీసుకుని తన తల్లి ఇంటికి వెళ్లిపోతాడు. మీరు కట్టుబడతానన్న విధుల్లో అది ఆఖరుది.”

దొర ముఖం కందగడ్డలా అయింది. “పొద్దున నీకు తెలుసా ఇది?”

“పుట్టినప్పటి నుంచీ తెలుసు.”

“నిన్నీ క్షణంలో తీసేయగలను.”

“తీసేయవచ్చు అయ్యా. వాక్యం మాత్రం మీ దస్తూరీలో ఉంది.”

అప్పుడు బయట బురదలోంచి ఒక పంది మెట్టెక్కి, టోపీ అంచు వాసన చూసింది. తీద్దామా వద్దా అన్నట్టు జవాను దొర వంక చూశాడు. తన టోపీని తనే లోపలికి తెమ్మంటే విధి తప్పినట్టు, వదిలేస్తే పంది పాలు. ముందు నవ్వింది అధ్యక్షుడి భార్య.

“ఇరవై ఆరేళ్ల కాపురంలో నాకీ ఉపాయం తట్టలేదు” అంది, అల్లిక పక్కన పెట్టి.

దొర ఆవిడ వంక, టోపీ వంక చూశాడు. నవ్వు ఆయనకు ఇష్టం లేకుండానే వచ్చినట్టు వచ్చి, చివరకు కుర్చీ పట్టుకుని నవ్వాడు. నవ్వుతుండగానే చెవులు ఎర్రబడ్డాయి. రెండు వేలమందిని వాళ్ల ఇళ్లలోంచి వెళ్లగొట్టడానికి తాను ఎంత అందంగా వంగి దండం పెట్టాడో అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

“నిజమే. ఈ ఇల్లు కూడా నాది కాదు. రెండేళ్లకు నేనూ టోపీ తీసుకుని వెళ్లవలసినవాణ్ణే” అన్నాడు. తానున్నంతకాలం ఆ కాగితం పెట్టెలోంచి బయటికి రాదని మాటిచ్చాడు. ఒక పక్క తన బొమ్మ, మరొక పక్క కలిపిన చేతులు ఉన్న వెండి పతకం తెప్పించి నేథన్ మెడలో వేయబోయాడు.

నేథన్ వెనక్కి జరిగాడు. బహుమానం ఇవ్వదలిస్తే ఆవలి గట్టు కాగితం తెప్పించండి, మళ్లీ చదువుతాను అన్నాడు. దొరకు అర్థం కాకపోయినా తెప్పించాడు. నేథన్ మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా ఈసారి ఒక్క మాట మార్చకుండా తన వాళ్ల భాషలో చెప్పాడు. ‘శాశ్వతంగా’ అన్నచోట పెద్దమ్మ వైపు తిరిగి, ఆ మాట మళ్లీ చెప్పాడు.

“అప్పుడు ఇలా చెప్పలేదు” అన్నాడు నీటిపిల్లి.

“చెప్పలేదు మామా.”

“తెలియకా?”

“తెలిసే.”

ఆవలి గట్టు ఇక రాదని అతడికీ తెలుసు, వాళ్లకూ తెలుసు. మందలించే హక్కు మేనమామది. సభంతా ఆయన ఏమంటాడా అని చూస్తోంది. ఆయన “ఆ కోటు విప్పు” అన్నాడు. అంతే.

నేథన్ విప్పాడు. లోపలి చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. ఇన్నాళ్లూ కోటు కింద ఎవరికీ కనబడలేదు. పెద్దమ్మ కోటు అందుకుని, మడత పెట్టి, గడప అవతల టోపీ పక్కన పెట్టింది. మనిషిని మాత్రం పెట్టలేదు.

“పద ఉడుతా. ఆకలేస్తోంది” అంది.

థార్న్‌బీ దొర మాట నిలబెట్టుకున్నాడు. గుమ్మం బయటే ఒక మేకు కొట్టించి, ఉన్న రెండేళ్లూ టోపీని అక్కడే తగిలించాడు. చూసినవాళ్లు ఎందుకని అడిగితే నవ్వుతూ ఈ కథే చెప్పేవాడట, చెప్పిన ప్రతిసారీ చెవులు ఎర్రబడేవట. గడువు తీరిన రోజున దాన్ని తీసి నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు.

తరువాత వచ్చినాయన టోపీ లోపలే పెట్టుకుని, కాగితమున్న పెట్టె తెరిపించాడు.